కూల్చేచోట గాలి లెక్క

2024 ఆగస్టు 5న పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం పాత యూనిట్ల కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేలుడు పదార్థాలు పెట్టి నేలకూల్చారు. వందమీటర్ల పైచిలుకు ఎత్తున దశాబ్దాలపాటు నిలిచిన కట్టడాలు క్షణాల్లో కుప్పకూలి, లేచిన దుమ్ము మబ్బులా కమ్మింది. ఆ దృశ్యాన్ని రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. అదే ఏడాది జూన్‌లో రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల బి-థర్మల్ శాశ్వతంగా ఆగిపోయింది. పాతది తొలగించి ఆ చోట 800 మెగావాట్ల కొత్త కేంద్రం కట్టాలన్నది ప్రభుత్వ ఆలోచన. అక్కడే 1999లో మూతపడ్డ ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ స్థలంలో కొత్త ఎరువుల సంస్థ ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021 నుంచి యూరియా తీస్తున్నది. గోదావరి ఒడ్డున బొగ్గు, కరెంటు, ఎరువు చుట్టూ అల్లుకున్న ఈ ప్రాంతం ఒక తరం పాటు కట్టింది. ఇప్పుడు కూల్చే తరం వచ్చింది.

కట్టేటప్పుడు సిమెంటు ఎంత, ఇనుము ఎంత అని లెక్క ఉంటుంది. కూల్చేటప్పుడు లెక్కంతా తుక్కు ధర చుట్టూ తిరుగుతుంది. ఎన్ని టన్నుల ఇనుము, ఎంత రాగి, టెండరు ఎవరికి అన్నదే చర్చ. ఆ పని జరిగే రోజుల్లో అక్కడి గాలిలో ఏముంది, దాన్ని ఎవరు కొలిచారు అన్న ప్రశ్న టెండరు కాగితాల్లోనూ, యూనియన్ల డిమాండ్ల పట్టికల్లోనూ చోటు దొరక్క మిగిలిపోతున్నది. దుమ్ము అందరికీ కనిపిస్తుంది. కానీ పాత కట్టడాల్లో అసలు భయపడవలసింది కంటికి కనిపించని రాతినారకు. ఆస్బెస్టాస్ అంటే అదే.

రాతినార మనకు పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు కొండల్లో తెల్ల రాతినారను తవ్వారు. హైదరాబాద్‌లో 1946లో పుట్టిన కంపెనీ చార్మినార్ పేరుతో సిమెంటు రేకులను దేశమంతా పంపింది. 1981లో మొదలైన రేకుల కంపెనీ విశాక కూడా హైదరాబాద్‌దే. దేశంలో రాతినార గనులకు కొత్త లీజులివ్వడం 1986లో ఆగింది. రేకుల తయారీ మాత్రం ఆగలేదు. రష్యా, బ్రెజిల్, కజకిస్తాన్‌ల నుంచి ఏటా లక్షల టన్నుల నార దిగుమతి అవుతూనే ఉన్నది. ఇక్కడ తవ్వడం మానేసి, బయటినుంచి తెచ్చి వాడుకునే ఈ పద్ధతిని ఏ ఆరోగ్య శాస్త్రమూ సమర్థించదు.

రేకుల పరిశ్రమ వాదన ఒకటుంది. రేకులో నార వందకు ఎనిమిది, తొమ్మిది పాళ్లే, అదీ సిమెంటులో బిగుసుకుని ఉంటుంది, ఇంటికప్పుగా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు అని. పగలని రేకు కింద పడుకున్నవారి విషయంలో ఇందులో కొంత నిజముంది. కానీ రేకు ఎల్లకాలం కప్పుగా ఉండిపోదు. ముప్ఫై ఏళ్ల ఎండావానకు పైపొర అరిగి నార బయటికి తేలుతుంది. ఆ రేకునే రంపంతో కోసినా, గడ్డపారతో పొడిచినా, పైనుంచి కిందికి విసిరినా సిమెంటులోని బంధం విడిపోతుంది. పరిశ్రమ మాట్లాడేది రేకు బతుకు గురించి. కూల్చివేత మొదలయ్యేది ఆ బతుకు ముగిసినచోట.

పాత పవర్‌హౌస్‌లలో రేకులకన్నా పెద్ద ప్రమాదం పైపుల చుట్టూ ఉంటుంది. బాయిలరు నుంచి టర్బైనుకు పోయే ఆవిరి పైపులకు వేడి తగ్గకుండా చుట్టే పొరను లాగింగ్ అంటారు. ఇప్పుడు దానికి రాతి ఉన్ని, గాజు ఉన్ని వాడుతున్నారు. 1950ల నుంచి 70ల దాకా ప్రపంచమంతటా ఆ పొరలో రాతినార కలిపేవారు. గ్యాస్కెట్లు, వాల్వులకు చుట్టే తాళ్లు, ప్యాకింగులు, బ్రేకు లైనర్లు, కేబుళ్లు గోడ దాటేచోట కూరే ముద్దలు, ఇన్నింటిలో అదే. రేకులో నార సిమెంటుకు కట్టుబడి ఉంటుంది కానీ పాత లాగింగ్ చేత్తో నలిపితే పొడి అవుతుంది. దాన్ని తడపకుండా చెక్కితే గాలిలో ఒక్కో మిల్లీలీటరుకు పోగుల సంఖ్య వంద దాకా చేరుతుందని బ్రిటన్‌లో కొలిచారు. బి-థర్మల్ ఆ తరం కేంద్రమే. అందుకే అక్కడ గ్యాస్ కట్టరు వెలిగించే ముందు, ఏ పైపు మీద ఏ పొర ఉందో నమూనాలు తీసి పరీక్షించి రాసిపెట్టిన పట్టిక చేతిలో ఉండాలి. పట్టిక లేకుండా మొదలుపెట్టిన కూల్చివేతలో గాలిని ఎంత కొలిచినా, దేనికోసం కొలుస్తున్నామో తెలియని కొలత అవుతుంది.

లెక్కపెట్టే తీరు

మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోతుకు చేరే రాతినార పోగు మందం చాలావరకు ఒక మైక్రాన్‌కన్నా తక్కువ. నిట్టనిలువుగా చీలే గుణం దీనిది. ఎంత నలిపినా ముక్కలు కాదు, ఇంకా సన్నని పోగులవుతుంది. శరీరం దాన్ని కరిగించలేదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సరు, ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే మెసోథీలియోమా దీని ఫలితాలు. మెసోథీలియోమా సాధారణంగా పోగు పీల్చిన ఇరవై నుంచి నలభై ఏళ్లకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. రాతినార రకాలన్నీ క్యాన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. పని దగ్గర పీల్చిన రాతినార వల్ల ఏటా రెండు లక్షలకు పైగా చనిపోతున్నారన్నది ఆ సంస్థ అంచనా. బీడీ, సిగరెట్ తాగేవాడికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు మరెన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంత సన్నని దాన్ని గాలిలో ఎలా లెక్కపెడతారు? కార్మికుడి నడుముకు బ్యాటరీతో నడిచే చిన్న పంపు కడతారు. దాని గొట్టం భుజం మీదుగా వచ్చి, ముక్కుకు జానెడు దూరంలో కాలరు దగ్గర ఆగుతుంది. గొట్టం చివర 25 మిల్లీమీటర్ల వెడల్పు వడపోత బిళ్ల ఉంటుంది. దాని రంధ్రాలు 0.8 మైక్రాన్లు. పంపు నిమిషానికి ఒకటి రెండు లీటర్ల గాలి లాగుతుంది. పని ముగిశాక బిళ్లను ల్యాబుకు తీసుకెళ్లి అసిటోన్ ఆవిరి పట్టిస్తే అది గాజులా పారదర్శకమవుతుంది. ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శిని కింద 400 రెట్లు పెద్దది చేసి, వంద మైక్రాన్ల వ్యాసమున్న వృత్తం లోపల పడ్డ పోగులను ఒక మనిషి కళ్లతో లెక్కిస్తాడు. పొడవు 5 మైక్రాన్లకు పైన, మందం 3 మైక్రాన్లలోపు, పొడవు మందానికి కనీసం మూడింతలు ఉన్నదే లెక్కలోకి వస్తుంది. వంద పోగులు దొరికేదాకానో, వంద వృత్తాలు పూర్తయ్యేదాకానో లెక్క సాగుతుంది. ఆ వృత్తాల్లో దొరికిన పోగుల సంఖ్యను బిళ్ల మొత్తం వైశాల్యానికి హెచ్చించి, లాగిన గాలి పరిమాణంతో భాగిస్తే మిల్లీలీటరుకు ఇన్ని పోగులని తేలుతుంది. మెంబ్రేన్ ఫిల్టర్ పద్ధతి ఇదే. భారత ప్రమాణాల్లో ఐఎస్ 11450గా 1986 నుంచే ఉంది.

ఈ పద్ధతి చౌక, నమ్మదగినది. దాని పరిమితులు మాత్రం ముందే తెలిసి ఉండాలి. పోగు రాతినారదా, గాజు ఉన్నిదా, గోనె సంచి పీచుదా అని ఈ సూక్ష్మదర్శిని చెప్పలేదు. పావు మైక్రాన్‌కన్నా సన్నని పోగులు దానికి కనిపించవు. ఆ పని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిది, దాని ఖర్చు వేరు. బొగ్గు ప్రాంతానికి ఇంకో చిక్కుంది. ఇక్కడి గాలిలో బొగ్గుపొడి, బూడిద ఎక్కువ. బిళ్ల మీద దుమ్ము మందంగా పేరుకుంటే పోగులు దాని కింద దాగిపోతాయి. అలాంటి బిళ్లను చూసి పోగులు తక్కువ అని రాస్తే అది అబద్ధపు లెక్క. పంపును తక్కువసేపు నడిపి, బిళ్లలు తరచు మార్చి, మసిబారిన బిళ్లను లెక్కకు పనికిరాదని పక్కన పెట్టే ధైర్యం ఇక్కడ మరింత అవసరం. మే నెల ఎండలో పంపు బ్యాటరీలు, అది గాలి లాగే వేగం నిలకడగా ఉండవు కాబట్టి పనికి ముందూ వెనకా పంపును సరిచూసి రాసుకోవాలి.

మన ఊళ్లలో ఉన్న గాలి కొలత కేంద్రాలు ఈ పని చేస్తాయని చాలామంది అనుకుంటారు. చేయవు. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో పన్నెండు పదార్థాలున్నాయి. పీఎం10, పీఎం2.5, గంధకం, నత్రజని వాయువుల నుంచి ఆర్సెనిక్, నికెల్ దాకా ఉన్నాయి. రాతినార లేదు. దుమ్ము బరువును తూచే యంత్రం పోగులను లెక్కించదు. బోర్డు మీద పచ్చరంగు వెలుగుతున్నా, పక్కనే లాగింగ్ చెక్కుతున్నవాడి ఊపిరిలో ఏం పోతున్నదో అది చెప్పదు.

ఎంత ఉంటే ఎక్కువ

అమెరికాలో 1994 నుంచి ఎనిమిది గంటల సగటుకు పరిమితి మిల్లీలీటరుకు 0.1 పోగు. బ్రిటన్‌లో నాలుగు గంటల సగటుకు అదే అంకె. ఐరోపా సమాఖ్య 2023లో దాన్ని పదో వంతుకు, 0.01కి తగ్గించాలని నిర్ణయించి, 2025 డిసెంబరు 21లోగా సభ్యదేశాలు అమలు చేయాలన్నది. ఈ అంకెలు దశాంశాల్లో ఉండటంతో చిన్నవిగా కనిపిస్తాయి. మోస్తరు శ్రమ చేసే మనిషి ఒక షిఫ్టులో సుమారు పది ఘనమీటర్ల గాలి పీలుస్తాడు. అంటే కోటి మిల్లీలీటర్లు. 0.1 అంటే ఆ ఒక్క షిఫ్టులో పది లక్షల పోగులు. 0.01 అయినా లక్ష. మన కర్మాగారాల చట్టంలో అనుమతించిన స్థాయి ఈ అంకెలకన్నా చాలా ఎక్కువగా ఉండేది. పరిమితి దాటలేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. ప్రభుత్వం అంతవరకు ఒప్పుకుందని మాత్రమే అర్థం.

కొలవడానికి నాలుగు వేళలున్నాయి. పని మొదలుకాకముందు అక్కడి గాలి ఎలా ఉందో ఒకసారి. పని జరుగుతుండగా కార్మికుడి ముక్కు దగ్గరా, ప్రహరీ దగ్గరా. కార్మికులు బట్టలు మార్చుకుని బయటికొచ్చే గది దగ్గర. అన్నీ అయిపోయి మళ్లీ మనుషులను లోపలికి పంపేముందు చివరిసారి. ఈ చివరి కొలత కీలకం. బ్రిటన్‌లో మూసిన గదిలో లాగింగ్ తీశాక 480 లీటర్ల గాలి వడకట్టి, 0.01కన్నా తక్కువ వస్తేనే గది తెరుస్తారు. నిమిషానికి ఎనిమిది లీటర్ల పంపుతో అది గంట పని. కొలిచేముందు నేలనూ గోడలనూ చీపురుతో కదిలిస్తారు. నిశ్చలమైన గదిలో పోగులన్నీ కిందికి దిగి ఉంటాయి కనుక, కదపకుండా తీసిన లెక్క ఎవరినైనా మోసగిస్తుంది. అమెరికాలో 1986లో బడుల కోసం చేసిన చట్టం కింది నియమాలు కూడా గాలిని కదిలించి కొలవమనే చెప్పాయి.

ఆరుబయట పనికి గాలి లెక్క అంత ధైర్యమివ్వదన్నది కూడా నిజం. షెడ్డు మీది రేకులు విప్పుతుంటే గాలి పోగులను చెదరగొడుతుంది. ప్రహరీ దగ్గర పెట్టిన పంపులో ఏమీ పడదు. కాంట్రాక్టరు ఆ కాగితం చూపించి అంతా బాగుందంటాడు. అప్పుడు రేకు మీద కూర్చుని హుక్కు బోల్టు విప్పుతున్నవాడి కాలరు దగ్గరి బిళ్లే అసలు సాక్ష్యం. అందువల్ల ప్రహరీ లెక్కను మాత్రమే ఇచ్చే నివేదికను ఏ అధికారీ అంగీకరించకూడదని నా అభిప్రాయం.

చట్టం దగ్గరికి వద్దాం. రాతినార కార్మికుల గురించి సుప్రీంకోర్టు 1995 జనవరి 27న కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసులో గొప్ప తీర్పు ఇచ్చింది. ఆరోగ్యం కార్మికుడి ప్రాథమిక హక్కన్నది. అన్ని కర్మాగారాలూ, సంస్థలూ మెంబ్రేన్ ఫిల్టర్ పరీక్ష పాటించాలన్నది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటినుంచి నలభై ఏళ్లు, లేదా పని మానిన తర్వాత పదిహేనేళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచమన్నది. జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడుతుందో న్యాయమూర్తులకు తెలుసు. కానీ ఆ తీర్పు మనసులో పెట్టుకున్నది గేటూ, హాజరు పట్టీ ఉన్న కర్మాగారాన్ని. కూల్చివేత పనికి ఛత్తీస్‌గఢ్ నుంచో, బిహార్ నుంచో వచ్చి మూడు నెలలు ఉండి పోయే మనిషికి నలభై ఏళ్ల రికార్డు ఎవరు దాస్తారు?

అమెరికాలో ఒక కట్టడాన్ని కూల్చేముందు తనిఖీ చేసి, రాతినార సామగ్రి తీసేసి, అధికారులకు ముందుగా తెలపడం తప్పనిసరి. మన దేశంలో కూల్చివేతకు ముందు రాతినార సర్వేనూ, పని తర్వాత గాలి లెక్కనూ కలిపి తప్పనిసరి చేసిన ప్రత్యేక చట్టం లేదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పట్టికలో పారవేసిన రాతినార పేరుంది. అయితే అది రాతినార వస్తువుల తయారీ అన్న శీర్షిక కింద ఉన్నది. ఇల్లు కూల్చినప్పుడు వచ్చిన రేకు ముక్క ఆ పట్టికలోకి వస్తుందా అని గుత్తేదారు వాదించే సందు అక్కడే ఉంది. వస్తుందనుకున్నా, హైదరాబాద్ శివారు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి మంచిర్యాల నుంచి రెండువందల కిలోమీటర్లకు పైనే. సంచుల్లో మూసి అంతదూరం పంపే ఖర్చు టెండరులో రాయకపోతే ఆ ముక్కలు ఏ కుంటలోనో, రోడ్డు గుంతలోనో తేలతాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1986లో చేసిన 162వ రాతినార ఒప్పందాన్ని భారత్ ఇంకా ఆమోదించలేదు. 2025 నవంబరు 21 నుంచి వృత్తిభద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. దాని కింద రాష్ట్రం చేసుకునే నియమాల్లో ఈ లోటు పూడ్చుకునే అవకాశం ఉంది.

ఇక మంచిర్యాల జిల్లా జైపూర్ మండలం సంగతి. పెగడపల్లిలో సింగరేణి కట్టిన 1200 మెగావాట్ల కేంద్రం 2016 నాటిది, కూల్చే వయసు దానికి చాలా దూరం. ఇక్కడి కూల్చివేతలు ఇళ్లవి, కొట్టాలవి. ఇందారంలో ఓపెన్‌కాస్టు గని ఉన్నది. భూమి గనికి పోతే ఇల్లు ఖాళీ చేసేవాళ్లు తలుపులు, దూలాలతో పాటు రేకులు కూడా విప్పి తీసుకుపోతారు. పనికొచ్చే రేకు పశువుల కొట్టానికి, వంటింటి పంచకు, దుకాణం ముందు నీడకు మళ్లీ చేరుతుంది. వేసవి ఈదురుగాలులకు, కోతుల దూకుడుకు పగిలిన ముక్కలు పెరట్లో పోగవుతాయి. పేదవాడు పాత రేకును మళ్లీ వాడుకోవడం తప్పు కాదు, అది అతని ఆస్తి. కానీ దాన్ని రంపంతో కోసేటప్పుడు ఆ పొడి పీల్చేది అతనూ, పక్కన ఆడుకునే పిల్లలూ. అందరికన్నా ఎక్కువగా చీపురు పట్టి ఊడ్చే ఇంటి ఆడమనిషి పీలుస్తుంది. ఇలాంటి చోట పంపులు, సూక్ష్మదర్శినులు తేవడం జరిగే పని కాదు, అవసరమూ లేదు. సబ్బునీళ్లు కలిపి బాగా తడపడం, బోల్టు విప్పి రేకును మొత్తంగా దించడం, కొయ్యకపోవడం, పొడిచీపురు వాడకపోవడం, ముక్కలను మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టడం చాలు. ముఖానికి కట్టుకున్న తువ్వాల, ఆసుపత్రి మాస్కు ఈ పోగులను ఆపలేవు.

గాలి లెక్క కావలసింది పెద్ద కూల్చివేతలకు. దాన్ని ఇక్కడ అమలు చేయడం కష్టమన్న మాటను నేను ఒప్పుకోను. సింగరేణి కార్మికుడికి గాలిని పరీక్షించి పనిలోకి దిగడం కొత్త కాదు. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వడం మొదలైన కాలం నుంచీ బాయిలో గ్యాస్ భయం ఉంది. గనిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ సేఫ్టీ ల్యాంపు పట్టుకుని గ్యాస్ చూసి రాసిన తర్వాతే మనుషులు ముందుకు పోవడం గని చట్టం నేర్పిన అలవాటు. గ్యాస్ ఎక్కువుంటే పని ఆగుతుంది, టన్నులు తగ్గుతాయని ఎవరూ ఆ సర్దార్‌ను తిట్టరు. దుమ్ము కొలత, ఎక్స్‌రేలు, నిర్ణీత కాలానికి వైద్య పరీక్ష గనుల్లో ఉన్నాయి. ఈ సౌకర్యాలన్నీ పర్మినెంటు కార్మికుడికి తెలిసినవే. గేటు అవతల పాత పవర్‌హౌస్ కూల్చే కాంట్రాక్టు కార్మికుడికి అవి అందకపోవడానికి శాస్త్రం కారణం కాదు. కాగితం మీద అతను ఎవరి మనిషీ కాకపోవడమే కారణం.

కాబట్టి జెన్‌కో, సింగరేణి, ఎన్‌టీపీసీ తమ కూల్చివేత టెండర్లలో కొన్ని మాటలు చేర్చాలి. రాతినార సర్వే నివేదిక లేకుండా పని మొదలు కాకూడదు. లాగింగ్, గ్యాస్కెట్లు, రేకులు తీసేశాకే గ్యాస్ కట్టింగ్, యంత్రాలు, పేలుళ్లు. గాలి కొలిచే ల్యాబును కాంట్రాక్టరు కాక యజమాని సంస్థే నియమించాలి, డబ్బూ అదే చెల్లించాలి. కొలిపించుకునేవాడే కొలిచేవాడికి జీతమిస్తే అంకె ఎటు ఒరుగుతుందో అందరికీ తెలుసు. 0.1 దాటితే పని ఆపే అధికారం అక్కడున్న పర్యవేక్షకుడికి రాతపూర్వకంగా ఉండాలి. ప్రతి షిఫ్టు లెక్కను తెలుగులోనూ హిందీలోనూ గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. పనిచేసిన ప్రతి మనిషి పేరు, ఎన్నాళ్లు చేశాడు, ఏ లెక్కలో చేశాడు అన్న కాగితం నకలు అతని చేతికి ఇవ్వాలి. ఇరవై ఏళ్ల తర్వాత దగ్గుతో ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరుకూ, పరిహారం అడిగినప్పుడు కోర్టుకూ చూపించడానికి అతనికి వేరే సాక్ష్యం ఉండదు.

జైపూర్ మండలం చెన్నూరు నియోజకవర్గంలో ఉంది. విశాక పరిశ్రమను స్థాపించిన గడ్డం వివేక్ అక్కడి శాసనసభ్యుడు. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రిగా కార్మిక, కర్మాగారాల, గనుల శాఖలు చేపట్టారు. రేకు ఎలా తయారవుతుందో, బొగ్గుబాయి బతుకేమిటో రెండూ తెలిసిన చేతుల్లోకి ఆ శాఖలు వచ్చాయి. రాష్ట్ర నియమాల్లో కూల్చివేతకు ముందు సర్వే, పని జరుగుతుండగా కార్మికుడి కాలరు దగ్గరి గాలి లెక్క తప్పనిసరి చేయమని కార్మిక సంఘాలు ఆ శాఖను అడగాలి. బి-థర్మల్ మీద గడ్డపార పడకముందే అడగాలి.